చీకటి గదిలో రెండో నీడ

పొద్దున్నే లేబ్‌కి రాగానే ఆవిడ చేసే మొదటి పని, చీకటి గదిలో తలుపు బిగించుకుని, వెలుగు కొలిచే మీటరులో ఖాళీ గాజు గొట్టం పెట్టి సున్నా చూసుకోవడం. ఆవిడ పెంచే సూక్ష్మజీవులు చీకట్లో మిణుకుమిణుకుమంటాయి. ఊళ్ళో జనం తాగే నీళ్ళు తెచ్చి వాటిలో కలుపుతారు. నీళ్ళు మంచివైతే వెలుగు అలాగే ఉంటుంది, విషం ఉంటే మసకబారుతుంది. ఆ మసకని కొలవడమే ఉద్యోగం. అందుకే లేబ్‌లో ఆవిణ్ణి మిణుగురు అనేవారు. ఇంట్లో అత్తగారు కూడా ఆ పేరే ఖాయం చేసింది.

మిణుగురుకి రెండు నీడలు. ఒకటి అందరికీ ఉన్నట్టే కాళ్ళ వెంట పడి తిరిగేది. రెండోదానికి కథలంటే ప్రాణం. చేతిలో ఎప్పుడూ ఓ పుస్తకం నీడ ఉండేది, వీలు దొరికిన చోటల్లా చతికిలబడి చదువుకునేది. బస్సు కండక్టరు దానికి టికెట్టు అడిగేవాడు కాదు గానీ, "కాస్త లోపలికి జరగమనండి" అని మాత్రం విసుక్కునేవాడు. పెళ్ళైన కొత్తలో అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి, "ఉండనీలే, తిండి పెట్టక్కర్లేదుగా" అంది. మిణుగురు పగలు కొలతలు కొలుచుకునేది, సాయంత్రాలు కథలు రాసుకునేది. కొన్ని అచ్చయ్యాయి కూడా.

లేబ్‌లో రెండో నీడ చోటు చీకటి గదిలో బీరువా వెనక మూల. భోజనాలయ్యాక మిణుగురు మీటరు ముందు కూర్చోగానే, అది ఆ మూలకి చేరి పేజీలు తిప్పుకునేది.

ఆ ఏడాది మిణుగురు ఉద్యోగం పర్మనెంటు అవుతుందో, ఊడుతుందో తేలాల్సి ఉంది. ఆ మాట కమిటీకి చెప్పాల్సింది లేబ్ నడిపే పెద్దసారు. మనిషి చెడ్డవాడేం కాదు, కథలంటేనే ఆయనకి ఒళ్ళుమంట.

"చూడమ్మా, సైన్సు సగం మనసుతో చేసేది కాదు" అన్నాడు ఓ రోజు. "ఆ రెండోదాన్ని ఇంట్లో దింపి రా. అసలు చీకటి గదిలో దానికేం పని? మన వెలుగంతా అదే మింగేస్తోందేమో ఎవరికి తెలుసు? ఆ రాతలు కూడా కట్టిపెట్టు. అప్పుడే నీ గురించి నేను గట్టిగా చెప్పగలను."

"అలాగే సార్" అంది మిణుగురు. అని బయటికొచ్చాక, తన చెయ్యి తనే నరుక్కున్నట్టు అనిపించింది. కానీ ఈ పని కూడా ఆవిడకి ప్రాణమే. దాన్ని వదులుకుని ఎలా ఉండగలదు?

మర్నాటినుంచి రెండో నీడ ఇంట్లో అత్తగారి పక్కన కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఇక్కడ లేబ్‌లో కొలతలు అడ్డం తిరిగాయి. ప్రతి విడతలోనూ, పరీక్ష సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి, తామే విషం కలిపిన నీళ్ళు ఒక గొట్టంలో పెట్టేవారు. ఆ గొట్టం పొద్దున విషమనే చూపించేది, మధ్యాహ్నం మంచినీళ్ళని చూపించేది.

"పొద్దున విషం, మధ్యాహ్నం అమృతమా?" అన్నాడు పెద్దసారు. ఆయన స్వయంగా కొలిచినా అదే తంతు. "నీ పెంపకంలోనే ఏదో తేడా ఉంది. సోమవారం కమిటీ. నేనేం చెప్పను వాళ్ళకి?"

మిణుగురు కొత్త సూక్ష్మజీవుల్ని పెంచింది, గొట్టాలు మళ్ళీ మళ్ళీ కడిగింది, మీటరు కూడా మార్చి చూసింది. ఏం లాభం లేకపోయింది. చెడ్డ నీళ్ళని మంచివని చెప్పి ఎవరి కొంప ముంచుతానోనని భయపడి, మధ్యాహ్నం ఫలితాలేవీ బయటికి పంపకుండా ఆ సీసాలన్నీ పక్కన పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు చొక్కాకి గుండీలు కుడుతూ కోడలి మొహం చూసింది.

"ఏంటలా వాడిపోయావు? ఏదైనా రాసుకోకూడదూ?"

"రాయనని సారుకి మాటిచ్చాను అత్తయ్యా."

"ఆయనకిచ్చావేమో. నాకివ్వలేదుగా" అని కాగితం, కలం తెచ్చి ముందు పడేసింది.

ఏం రాయాలో తోచక మిణుగురు మనసుని తొలిచేస్తున్నదే రాసింది. "చీకటి గదిలో బీరువా వెనక నా నీడ చదువుకునేది." రాసిన వాక్యాన్ని పైకి చదువుకోవడం ఆవిడ అలవాటు. చదివింది. ఎక్కడో తేడా కొట్టింది. మళ్ళీ చదివింది. వాక్యం అబద్ధంలా ఉంది, కొట్టేద్దామని కలం ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

చీకట్లో నీడెలా ఉంటుంది? నీడ ఉందంటే వెలుగు ఉన్నట్టే కదా! ఇంతమంది సైంటిస్టులు రోజూ దాన్ని తప్పుకుంటూ నడిచారు. ఆ గదిలో అది ఎలా ఉందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. తనకీ తట్టలేదు.

సోమవారం రెండో నీడని వెంటబెట్టుకుని లేబ్‌కి వెళ్ళింది. భోజనాలు కాగానే అది తిన్నగా తన మూలకి పోయింది. మిణుగురు బీరువా జరిపి చూసింది. వెనక గోడలో దారమంత పగులు. పొద్దున ఆ గోడకి ఎండ తగలదు కాబట్టి సున్నా సున్నాగానే ఉండేది. మధ్యాహ్నం ఎండ అందులోంచి గదిలోకి చొరబడుతోంది. నీడ అక్కడ కూర్చుంటే ఆ వెలుగు దాని పుస్తకం దగ్గరే ఆగిపోతోంది. లేస్తే నేరుగా మీటరు మీద పడి, సూక్ష్మజీవుల వెలుగులో కలిసిపోతోంది.

పరుగున వెళ్ళి పెద్దసారుని పిలుచుకొచ్చింది. ఆయన మీటరు ముందు కూర్చున్నాడు.

"లేవమను... ఊఁ, ఇప్పుడు కూర్చోమను... ఇంకోసారి లేవమను." అలా చాలాసేపు దాన్ని గుంజీలు తీయించాడు. ఆఖరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే ఇన్నాళ్ళూ మన లెక్కలు సరిగ్గా ఉన్నాయంటే..."

"అది అక్కడ కూర్చుని చదువుకోబట్టే సార్."

"నీకెలా తట్టింది?"

అబద్ధం చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. "నిన్న రాశాను సార్. రాస్తుంటే దొరికింది."

పెద్దసారు పగులు మీద నల్లబట్ట కట్టించి, పక్కన పెట్టిన సీసాలన్నీ మళ్ళీ కొలిపించాడు. ఒకదాంట్లో నిజంగానే విషం ఉంది. ఆ నీళ్ళు ఎవరూ తాగకుండా వెంటనే కబురు పంపించి, తిన్నగా కమిటీ గదిలోకి వెళ్ళాడు.

ఆయన బయటికొచ్చి మాట చెప్పగానే మిణుగురు మెట్ల మీద కూర్చుని, ఎన్నాళ్ళ నుంచో గుండెల మీదున్న బరువు దిగిపోయేలా ఏడ్చి, కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇంటికి ఫోన్ చేసి, గోడ పగులు సంగతంతా చెప్పింది.

"ఉద్యోగం ఖాయమైంది అత్తయ్యా."

"హమ్మయ్య! మరి రెండోదాని సంగతేంటి? ఆ పగులు పూడ్చేస్తారుగా. ఇక చీకట్లో అది ఎక్కడ కూర్చుంటుంది?"

మిణుగురు తెరిచి ఉన్న తలుపులోంచి పెద్దసారు గదిలోకి చూసింది. ఆయన తన కుర్చీ పక్కకి లాక్కుని, కిటికీ ముందు మరో కుర్చీ వేసి, దాని దుమ్ము దులుపుతున్నాడు.

"సారు గదిలో" అంది.