పుష్యమిలో నాటిన చెరకు

తొమ్మిదింటికి ఇంకా పది నిమిషాలుండగానే జగన్‌మోహన్ కీబోర్డు మీద పడిన నుసిని పెయింట్ బ్రష్షుతో ఊడ్చేశాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ కిటికీ ఎంత బిగించినా ఆ నల్లటి నుసి గదిలోకి వస్తూనే ఉంటుంది. కంప్యూటర్ సెక్షన్ అంటే ఆ గది, అందులో ఆయన, అంతే. యాభై నాలుగేళ్లు, సన్నటి మెడ, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. చెరకు బండ్లు తూచే కాటా దగ్గర టైపిస్టుగా చేరి, పాత పుస్తకాలు కొని, అర్థంకాని పేజీలు మూడేసిసార్లు చదివి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. ఏ రైతు చెరకు ఎప్పుడు కొట్టాలో వరుస తేల్చే ప్రోగ్రాం పదకొండేళ్లుగా ఆయనదే. ముందు నాటినవాళ్లకు ముందు కోత. ఎంత పెద్ద ఆసామి వచ్చి బల్ల గుద్దినా ఆ వరుస కదలదు. అందుకు ఆయనకు గర్వం, దాన్ని పెద్దగా దాచుకోడు కూడా.

బయట కిటికీ దగ్గర ఎంట్రీలు చేసే నందిని ఎవరికో నచ్చజెబుతోంది.

"కంప్యూటర్ల గట్లనే ఉంది తాతా. నీ నంబర్ మార్చి ఆఖర్ల వస్తది. నేనేం జెయ్యాలె?"

"మార్చి దాంక ఉంటే ఎండిపోతది బిడ్డా. నేను పుష్యమి కార్తెల పెట్టిన. పక్కోడు నా ఎనుక మఖల పెట్టిండు. ఆయనకు కోత ఆర్డర్ వచ్చింది, నాకు రాలే."

మొగుడంపల్లి రైతు మహాదేవప్ప. గొంతులో కోపం లేదు. అరిచేవాళ్లకు జవాబు చెప్పడం జగన్‌మోహన్‌కు అలవాటే కానీ, అరవని మనిషిని చూస్తే మనసు ఒకచోట నిలవదు.

"కంప్యూటర్ అంటే నేనేనమ్మా. లోపటికి తోలు," అన్నాడు.

రికార్డు తెరిచాడు. నాటిన తేదీ పోయిన మార్చి మూడు. ఎంట్రీ చేసిన తేదీ కూడా మార్చి మూడే. ఆయనకు విషయం అర్థమైంది.

ఎప్పుడు నాటావంటే ఇక్కడ సగం మంది కార్తె పేరు చెబుతారు. మార్చిలో ఎంట్రీలు చేసేటప్పుడు నందిని దాన్ని రిమార్కుల్లో రాసి తేదీ గడి ఖాళీగా వదిలేసింది. ఖాళీగా ఉంటే ఎంట్రీ చేసిన రోజే నింపుకోమని ప్రోగ్రాంలో రాసింది ఆయనే, గుమాస్తాల పని సులువవుతుందని. ఒక్క లైను. ఈ సీజన్‌లో రెండు వందల పదమూడు మంది వరుస చివరికి పోయారు. గడిచిన సీజన్లలో ఎందరు పోయారో వెతకడానికి చేతులు రాలేదు. ఎవరికీ లొంగని ప్రోగ్రాం అని మురిసిపోయాడే కానీ, తేదీ చెప్పలేనివాళ్లను అది ఇంతకాలం వెనక్కి నెడుతోందని చూసుకోలేదు. సిగ్గేసింది.

కుర్చీ జరిపి మహాదేవప్పను కూర్చోమన్నాడు.

"కార్తెలు ఏది ఎప్పుడొస్తదో జర చెప్పున్రి."

"మిరుగం, అదే మృగశిర, జూన్ ఎనిమిదికొస్తది సారూ. ఆడికెల్లి పద్నాలుగు రోజులకొకటి, అంతే. ఆరుద్ర, పునర్వసు, జూలై ఇరవైకి పుష్యమి..." అంటూ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాడు మహాదేవప్ప.

జగన్‌మోహన్ టైపు చేస్తూ పోయాడు, తెలియనిచోట రెండోసారి అడిగాడు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఒకరి ముందు పాఠానికి కూర్చున్నాడు. సిగ్గు సిగ్గే, కానీ ఆ కూర్చోవడం బాగుంది.

పన్నెండింటికి కొత్త వరుస తయారైంది. మేనేజర్ పృథ్వీరాజ్ కాగితాలు తిరగేసి బల్ల మీద పెట్టాడు.

"వచ్చే నెల కొత్త సాఫ్ట్‌వేర్ వస్తున్నది జగన్ సాబ్. ఈ సీజన్ గిట్లనే నడవనియ్యున్రి. తప్పయిందని ఒప్పుకుంటే ఊర్లకు ఊర్లు గేటు కాడ కూసుంటయి."

"పుష్యమి చెరకు మార్చి దాంక ఆగది సార్. లిస్టు నా సంతకం మీద పోతది. తప్పు నాదని కింద రాస్త."

"రాస్తే మిమ్మల్ని ఉంచుడు నాతోని కాదు."

"ఎరుకే సార్. లిస్టు బోర్డుకు అంటించి పోత."

ఇంట్లో భార్య అనంతమ్మకు ఎట్లా చెప్పాలా అని మెట్ల మీద ఒక్కసారి గుబులు పుట్టింది. కిందికి దిగేసరికి అది తగ్గిపోయింది. టైపిస్టుగా వచ్చినవాడు ఇంత నేర్చాడు, ఇంకొకటి నేర్వలేడా?

మూడింటికి నోటీసు బోర్డు దగ్గర నందిని పేర్లు చదివి వినిపించింది. మహాదేవప్పకు ఎల్లుండే కోత. "కూలోళ్లను చూస్కోవాలె," అంటూ ఆయన వెంటనే బయల్దేరాడు. కృతజ్ఞతలు చెప్పడం గుర్తురాలేదు, జగన్‌మోహన్‌కు అదే నచ్చింది.

సాయంత్రం తాళాలు నందిని చేతిలో పెట్టాడు.

"ఇగ గడి ఖాళీగుంటే ప్రోగ్రాం ముందుకు పోదు, ఆగి అడుగుతది. నువ్వు రైతును అడుగు."

"వచ్చే నెల వచ్చే కొత్త సాఫ్ట్‌వేర్‌కు కార్తెలు తెల్వయి గద సార్?"

"నీకు తెలుస్తయి గద."

టిఫిన్ డబ్బా అందుకుని, చెరకు లారీల పక్కగా నడుచుకుంటూ హైవే వైపు వెళ్లిపోయాడు.

నందిని గదిలోకి వచ్చి లైటు వేసింది. బల్ల మీద, మధ్యాహ్నం బస్టాండు దగ్గర ఆయన కొనుక్కొచ్చిన పంచాంగం కార్తెల పేజీ దగ్గర తెరిచి ఉంది, మిరుగం నుంచి మఖ దాకా ప్రతి తేదీ పక్కన పెన్సిల్ టిక్కుతో.