దారం లేని కుట్టు

చెల్లెలు ఏ ఊరు తిరిగొచ్చినా, ఆ యాత్ర కథ మొదట చదివేది అక్కే. అక్క బడి గడప తొక్కలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని, బట్టలు చుట్టి తెచ్చిన కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చింది. అయినా ఆమె కళ్ళు కప్పడం కష్టం.

“నీ కొండలన్నీ అందమైనవేనా? ఒక్కటైనా మోకాళ్ళు పట్టేయించలేదా?” అనేది. చెల్లెలు నవ్వి, అందం కొట్టేసి మోకాళ్ళ నొప్పి రాసేది.

ఆ కథలన్నీ ఇప్పుడు పుస్తకమవుతున్నాయి. రేపు పొద్దున్నే చెల్లెలికి మళ్ళీ ప్రయాణం. పోతూ పోతూ మొదటి అధ్యాయం అచ్చాఫీసులో ఇచ్చి వెళ్ళాలి. అక్క కళ్ళద్దాలు సవరించుకుని చదివింది: ‘నేను వీధి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలో నిలబడి చేయి ఊపుతూనే ఉంది.’

“నేనెప్పుడు ఊపానే చెయ్యి?”

“యాత్ర కథన్నాక మొదట్లో వీడ్కోలుండాలక్కా. చదివేవాళ్ళు కూడా సంచి సర్దుకుని మనతో బయలుదేరాలిగా.”

“చూడని ఊరి గురించి ఒక్క ముక్క రాయనంటావు. చూడని అక్క గురించి పేజీ నింపేశావా?”

“చూద్దామంటే నువ్వు తలెత్తితేగా! నేను చెప్పులేసుకోగానే మిషను టకటకా మొదలెడతావు, పీడ విరగడైందన్నట్టు.” నవ్వుతూనే అంది గాని, చివరి మాటకు ముఖం పక్కకు తిప్పుకుంది.

ఇన్నేళ్ళూ ఇలా అనుకుందా పిచ్చిది! అక్క కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆసుపత్రికి వెళ్తున్న అమ్మకు ఆమె ఈ గుమ్మంలోంచే చేయి ఊపింది. అమ్మ తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఆ చేతిని ఆమె నమ్మదు.

మిషను సొరుగు లాగి, ఒక తెల్లగుడ్డ తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. గుడ్డ నిండా వరసలు వరసలుగా సూది బెజ్జాలు. దారప్పోగు ఒక్కటీ లేదు.

“ఇదేంటక్కా?”

“నువ్వెళ్ళినప్పుడల్లా కుట్టింది. కళ్ళనిండా నీళ్ళుంటే సూదిలో దారం ఎక్కుతుందటే? మిషను చప్పుడుంటే చాలు, నా ఏడుపు నీకు వినపడదు.”

చెల్లెలు బెజ్జాలను వేలితో తడిమింది. “ఇక్కడ రెండు వరసలున్నాయే?”

“దీవికెళ్ళావు చూడు, అప్పటిది. పడవెక్కుతానన్నావుగా, భయం రెట్టింపైంది.”

చెల్లెలు నవ్వబోయి ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకుని, చేయి ఊపిన వాక్యం కొట్టేసి, ఆ గుడ్డ గురించి రాసింది. అక్క చదివి ఒక్క మాటా దిద్దలేదు.

తెల్లవారింది. చెల్లెలు సంచి భుజాన వేసుకుని, “గుమ్మంలోకి రాకే అక్కా. రాసిందంతా అబద్ధమైపోతుంది,” అంది.

“పో, పో. బండి తప్పిపోగలదు.”

వెళ్ళబోయేదల్లా వెనక్కి వచ్చింది. మిషను మీదికి వంగి, తనే సూదిలో దారం ఎక్కించింది. “ఈసారి కుట్టు నిలబడాలి,” అని గడప దాటింది.

అక్క తొక్కడం మొదలుపెట్టింది. బెజ్జాల వరసల పక్కన నీలం కుట్టు సాగింది. చెల్లెలు వీధి మలుపు తిరిగి ఉంటుందనిపించాక మిషను ఆపింది. దారం మాత్రం తెంపలేదు.