నీళ్ల కొట్టు ముందు వరస

మా ఊరి నీళ్ల కొట్టు నడిపేదాన్ని నేనే. డబ్బాకి మూడు షిల్లింగులు, అందులో ఒకటి నాది. నా ముగ్గురు పిల్లల తిండి దాని మీదే. కుళాయి తిప్పితే రెండు నిమిషాల్లో డబ్బా నిండుతుంది, వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతారు. అందుకే కొట్టు ముందు ఎప్పుడూ ఒకరిద్దరికి మించి కనబడరు.

కట్టించింది దూరదేశపు పెట్టుబడిదారులు. వాళ్లకి లాభమూ రావాలి, ఊరికి మేలూ జరగాలి. లాభం వస్తూనే ఉంది. మేలు చూడటానికి సాస్కియా అనే దొరసాని వస్తుందనీ, నచ్చకపోతే కొట్టు ఎత్తేస్తారనీ కిసుము పట్నంలోని వాళ్ల ఆఫీసు నుంచి కబురొచ్చింది. మహిళా సంఘం పెద్ద ఓగోలా వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఒసే అపొండీ, అంత దూరం నుంచి వచ్చే చుట్టానికి ఈగలు తోలుకునే కొట్టు చూపిస్తావా? ఊళ్లో మనుషులు లేరనుకోదూ? నువ్వు ఊరుకో, నేను చూసుకుంటా" అంది.

చూసుకుంది మహాతల్లి! బుధవారం పొద్దున్నే తొంభై మంది చర్చి బట్టలు కట్టుకుని, డబ్బాలతో, పాటలతో వరస కట్టారు. నాకు ఆనందంతో కళ్లనీళ్లు ఆగలేదు.

సాస్కియా గడియారం చూసుకుని వరస చివర నిలబడింది. నీడకి రమ్మంటే రాలేదు. తన వంతు వచ్చేసరికి మూడు గంటలు పట్టింది.

"ఇంతకుముందు నదికి వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టేది?" అని దుబాసీ చేత అడిగించింది.

"గంట!" అన్నారందరూ. నిజమే మరి.

పోతూ పోతూ నన్ను కావలించుకుని ఏడ్చింది. "చూశావా నా తెలివి?" అని ఓగోలా వాళ్లమ్మ నా వీపు చరిచింది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. కొట్టు వల్ల మా ఆడవాళ్లు డబ్బాకి రెండు గంటలు నష్టపోతున్నారట. ఆడవాళ్ల సమయం మిగల్చని చోట తమ డబ్బు ఉండకూడదట.

"ఆ వరస ఆ ఒక్క పూటదేనని చెప్పి ఏడవవే!" అంది ఓగోలా వాళ్లమ్మ.

"ఫోన్ చేసి చెప్పాను అత్తా. మామూలు రోజుల్లో ఖాళీగానే ఉంటుందన్నాను. అయితే ఆ కొట్టు ఎవరికీ అక్కర్లేదన్నమాట, అన్నారు."

ఆవిడ తల దించుకుంది. తిడదామని నోరు తెరిచాను గానీ, ఆ రోజు అందరికంటే గట్టిగా పాడింది నేనే.

మా సమయం మిగల్చడానికి మా కుళాయి ఊడబీక్కుపోయారు. ఇప్పుడు నది నుంచి నీళ్లు మోసి ఇంటింటికీ అమ్ముతున్నాను. మొదటి డబ్బా ఓగోలా వాళ్లమ్మే కొంటుంది, బేరమాడకుండా.