రెండు గీతల పసుపు

ఆ ప్రెస్సులో మెషిన్ తిరగాలంటే కరెంటు ఒక్కటే ఉంటే చాలదు, పెద్దకోడలి సంతకం కావాలి. మెషిన్ మేస్త్రి మొదట ఓ యాభై షీట్లు తీసి, రంగులు కుదిరాయనుకున్న షీటును రెండు చేతులా పట్టుకొచ్చి ఆమె ముందు పరుస్తాడు. ఆమె దాన్ని కిటికీ కిందున్న బల్ల మీదికి లాగి, తల ఒకసారి అటూ ఒకసారి ఇటూ వంచి చూస్తుంది. ఇంకు మర మీది గీతల లెక్కన "ఎరుపు అరగీత తగ్గించు" అంటుంది, లేదా ఏమీ అనదు. ఏమీ అనకపోతే మేస్త్రి ఊపిరి పీల్చుకుంటాడు. అప్పుడు ఆకుపచ్చ పెన్ను తీసి షీటు మూల సంతకం గీకుతుంది. అది ఓకే షీటు. ఆ తర్వాత పదివేలు వేసినా లక్ష వేసినా దాన్ని చూసే వేయాలి.

ఆ పెన్ను ఒకప్పుడు మామగారిది. ఏడేళ్ళ కిందట ఒకరోజు ఆయన తెల్లకాగితాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని, "ఈ కాగితం ఇంత మాసిపోయిందేమిట్రా?" అని అడిగాడు. కాగితం మాయలేదు, ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు గానీ పెన్ను మళ్ళీ ముట్టలేదు. "ఒకసారి అబద్ధం చెప్పిన కన్ను సంతకానికి పనికిరాదు" అని దాన్ని పెద్దకోడలి చేతిలో పెట్టాడు. కొడుకులిద్దరూ ఉన్నారు, ఆర్డర్ల కోసం బయట తిరుగుతుంటారు. రంగుల సంగతికొస్తే వాళ్ళ కళ్ళు ముఖానికి అందం కోసం ఉన్నవేనని ఆయన అభిప్రాయం.

పనివాళ్ళు ఆమెను చాటున "గద్ద" అంటారు. ఆమెకు తెలుసు. తెలిసీ ఎవర్నీ తిట్టలేదంటే ఆ పేరు నచ్చినట్టే. ఆమె గొప్ప ఏమిటంటే, అసలు వస్తువును పక్కన పెట్టుకుని చూడదు. బిస్కెట్టు డబ్బా గానీ, చెప్పుల జత గానీ, ఒక్కసారి చూసిందంటే దాని రంగు నెత్తిలో అచ్చయిపోతుందంటుంది. ఏడేళ్ళుగా అదే జరిగింది, కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ఆరునెలల కిందట చిన్నకోడలు వచ్చింది.

వచ్చీ రాగానే కిటికీ లేని మూలను పట్టుకుంది. ఉన్న తెల్లసున్నం గీకించి గోడలకు బూడిదరంగు వేయించింది. మానిటరు తెచ్చి, గుర్రానికి గంతలు కట్టినట్టు దానికి మూడువైపులా నల్ల అట్టలు కట్టింది. పక్కనే లైటు పెట్టె ఒకటి, దాంట్లో వెలుగు పొద్దునా సాయంత్రమూ ఒకేలా ఉంటుందట. వారానికోసారి జలగలాంటి పరికరాన్ని తెర మీద అతికించి, అది రంగులు పీల్చి లెక్క చెప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

"ఆ జలగ ఏం చేస్తుందమ్మా?" అని మొదటిరోజే పెద్దకోడలు అడిగింది.

"తెర నిజం చెప్తోందో లేదో చూస్తుందక్కా. తెరలకీ వయసొస్తుంది, రంగు మారుతుంది. ఎంత మారిందో కొలిచి సరిచేస్తుంది."

"మన కళ్ళకి మల్లే అన్నమాట" అన్నాడు వెనకనుంచి మామగారు. పెద్దకోడలు తిరిగి చూసేసరికి ఆయన టీ గ్లాసుతో ఆ బూడిదమూలలో స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏడేళ్ళుగా ఆ టీ కిటికీ బల్ల దగ్గర తాగేవాడు. ఆమె గుండెలో సన్నగా ఏదో కాలింది.

ఆ కాలడం ఆగలేదు. మేస్త్రి నోట "చిన్నమ్మగారు చూశారా?" అన్న మాట విన్నప్పుడల్లా కాలేది. చిన్నది ఎవర్నయినా "ఈ కోటు వేసుకుంటారా?" అని అడిగినప్పుడు మరీను. ఆ మూలకు వెళ్ళేవాళ్ళంతా బూడిదరంగు కోటు తొడుక్కోవాలట, లేకపోతే బట్టల రంగు కాగితం మీద పడుతుందట.

"నా ఒంటిమీద బట్ట నీ కాగితం మీదికి ఎలా దూకుతుందే? కప్పగానీ కాదుగదా" అంది పెద్దకోడలు.

చిన్నది నవ్వేసింది. దెబ్బకు దెబ్బ అంటే బాగుండేది. ఈ నవ్వే పెద్దకోడలికి ఒళ్ళు మండించింది. ఆ రోజునుంచి ఆ మూల గడప తొక్కలేదు.

ఇలా ఉండగా కుండలాయన వచ్చాడు. మట్టికుండలు, గిన్నెలు చేసి వాటి మీద గాజుపూత వేసి కాలుస్తాడు. పూత నీలం. అలాంటి నీలం ఇంకెవరికీ రాదని ఆయన నమ్మకం. అడుగున వేలెడంత మేర మాత్రం పూత వేయకుండా ఉత్త మట్టినే వదిలేస్తాడు. వాటి ఫొటోలతో కేటలాగు వేయాలి. ఫొటోలు పెన్‌డ్రైవులో, ఒక కుండ చంకలో పెట్టుకుని దిగాడు. పెద్దకోడలు కుండను ఒక్కసారి కళ్ళారా చూసి నెత్తిలో పెట్టేసుకుంది. కుండ మాత్రం చిన్నదాని లైటు పెట్టెలోకి వెళ్ళింది.

చిన్నది తెరమీద ఫొటో తెరిచింది. నీలం భగ్గుమంది. కుండలాయన ముఖం వెలిగిపోయింది.

"ఇదండీ నా నీలం. దీనికన్నా ఒక్క వీసం తగ్గినా ఒప్పుకోను."

"తగ్గుతుందండీ" అంది చిన్నది మెల్లగా. "ఇది తెర. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు దీపాలు వెలిగించి రంగు చూపిస్తుంది. కాగితానికి దీపాల్లేవు. మీద పడ్డ వెలుగులో మన ఇంకు కొంత మింగేస్తే మిగిలిందే కంటికి తిరిగొస్తుంది. ఇంకులు నాలుగు, సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. ఆ నాలుగింటితో ఎంత చేసినా ఈ నీలం దాకా చెయ్యి అందదు. కాగితం మీద ఎలా ఉంటుందో చూపిస్తాను, మనసు గట్టి చేసుకోండి."

ఒక మీట నొక్కింది. నీలం మీద ఎవరో పలచటి గుడ్డ కప్పినట్టయింది. కుండలాయన దిగాలుపడ్డాడు.

కిటికీ దగ్గరనుంచి చెవి అటే వేసి ఉంచిన పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. బేరం పోయింది, పిల్లకి బుద్ధొస్తుంది అనుకుంది. బేరానికొచ్చిన మనిషికి ముందే లేదు, కాదు అని ఎవరైనా చెప్తారా?

కుండలాయన కాసేపు గడ్డం గోక్కుని, "ఇంతకుముందు రెండు ప్రెస్సులవాళ్ళు నాకు తెరే చూపించి, అచ్చు అలాగే వస్తుందని ఊదరగొట్టి, చివరికి వంకాయరంగు కుండలు చేతిలో పెట్టారు. ముందే నిజం చెప్పింది ఈ అమ్మాయి ఒక్కతే" అన్నాడు. మామగారి వైపు తిరిగి, "అచ్చు వేసేరోజు నేనొస్తాను. ఓకే షీటు మీద ఈ అమ్మాయి సంతకం కూడా ఉండాలి" అన్నాడు.

"అలాగే, ఇద్దరూ చేస్తారు" అన్నాడు మామగారు, అదేదో టీలో ఇంకో చెంచా చక్కెర వేయమన్నట్టు.

పెద్దకోడలికి ఆ పూట అన్నం సహించలేదు. ఇవాళ ఇద్దరి సంతకాలంటారు, రేపు చిన్నదొక్కతి చాలంటారు. అప్పుడు తను ఈ ప్రెస్సులో ఏమవుతుంది? షీట్లు లెక్కపెట్టుకునే మనిషి.

అచ్చు రోజు పొద్దున పదిగంటలకు మేస్త్రి షీటు తెచ్చి కిటికీ బల్ల మీద పరిచాడు. బూడిదమూల ముందు కుండలాయన, మామగారు నిలబడి ఉన్నారు. పెద్దకోడలు తల అటూ ఇటూ వంచింది. బొమ్మలో కుండ అడుగు మట్టి మరీ పసుపు పండిపోయి ఉంది. కాగితం కూడా పచ్చబారినట్టుంది. ఈమధ్య కాగితమంతా ఇలాగే వస్తోందని పదిరోజుల కిందటే కాగితం కొట్టువాణ్ణి పిలిచి నాలుగు దులిపింది కూడా.

"పసుపు రెండు గీతలు తగ్గించు" అంది.

చిన్నకోడలు ఇంకో షీటు లైటు పెట్టెలో పెట్టుకుని చూస్తోంది. "అక్కా, ఇక్కడ ముందు తీసిన నమూనా ప్రూఫుకీ, కుండకీ కూడా సరిపోయింది. ఒకసారి వచ్చి చూస్తారా?"

"నాకక్కడేం పని? నాకు కుండ అక్కర్లేదు, నెత్తిలో ఉంది."

"పోనీ కుండే అక్కడికి తీసుకురానా?"

"నీ కుండ నీ దగ్గరే ఉండనీయమ్మా. ఏడేళ్ళుగా ఈ కిటికీ నాకు అబద్ధం చెప్పలేదు."

చిన్నది మామగారి వైపు చూసింది, మేస్త్రి వైపు చూసింది, తల దించుకుంది. మేస్త్రి వెళ్ళి పసుపు ఇంకు మరలు రెండు గీతలు బిగించి కొత్త షీటు తెచ్చాడు. కిటికీలో అది ముచ్చటగా ఉంది. పెద్దకోడలు ఆకుపచ్చ పెన్నుతో సంతకం గీకి షీటును కుండలాయన చేతికిచ్చింది.

ఆయన దాన్ని పట్టుకుని వెనక గుమ్మంలోంచి పెరట్లోకి, ఆరుబయటికి వెళ్ళాడు. వెంటనే తిరిగొచ్చాడు.

"ఏమ్మా, నా కుండల కాళ్ళకి గులాబీరంగు పూశారేమిటి? కొత్త పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి."

పెద్దకోడలు విసురుగా వెళ్ళి షీటు లాక్కుని పెరట్లోకి నడిచింది. కాళ్ళు గులాబీగానే ఉన్నాయి. లోపలికొచ్చి కిటికీ దగ్గర పెట్టింది. మట్టి మట్టిలాగే ఉంది. మళ్ళీ పెరడు, మళ్ళీ కిటికీ. మూడోసారీ అంతే. మామగారు చూస్తున్నాడు. ఆయన చూపులో కోపం లేదు, జాలి ఉంది. మాసిపోయిన తెల్లకాగితం గుర్తొచ్చిందాయనకి. ఆమెకీ గుర్తొచ్చింది.

పరువు తర్వాత చూసుకోవచ్చనుకుని గబగబా ఆ మూలకు వెళ్ళి, లైటు పెట్టెలోంచి కుండను తీసుకొచ్చి కిటికీలో పెట్టింది. కుండ అడుగు ముదురు పసుపు తిరిగింది. కుండ కూడా మారింది. కళ్ళు మారితే పెరట్లోనూ మారాలి కదా. ఇక్కడే మారుతోంది.

అప్పుడు తలెత్తి బయటికి చూసింది. వీధికి అవతల గోడౌను. మూడువారాల కిందట దాని గోడకు నిచ్చెన వేసి గుడ్డుసొన పసుపు పులిమారు. ఇదే బల్ల దగ్గర నిలబడి, "ఎవరి కళ్ళు పోగొట్టడానికిరా ఆ రంగు" అని తనే తిట్టింది. పొద్దుటి ఎండ ఆ గోడకు కొట్టుకుని తిన్నగా బల్ల మీద పడుతోంది. మూడువారాలుగా ఆ పసుపును కాగితంలోంచి తీసెయ్యమని తను మేస్త్రిని పోరుతోంది.

మూడువారాలు. పదకొండు ఓకే షీట్లు.

"మేస్త్రీ, మరి వెనక వేసిన ఆర్డర్లన్నీ గులాబీ అయిపోయి ఉండాలే? ఒక్కరూ అడగలేదేం?"

మేస్త్రి మెడ నిమురుకున్నాడు. "అంటే అమ్మా, మీరు సంతకం పెట్టి అటు తిరగ్గానే పసుపు మళ్ళీ రెండు గీతలు వదిలేవాణ్ణి."

"ఎవరు చెప్పారు?"

మేస్త్రి చూపు బూడిదమూల వైపు పోయింది.

పెద్దకోడలు అటు తిరిగింది. "నువ్వా?"

"మీకూ మామయ్యగారిలా శుక్లాలు మొదలయ్యాయేమో అనుకున్నానక్కా" అంది చిన్నది, గొంతు తగ్గించి. "చెప్తే మామయ్యగారు మీ దగ్గర పెన్ను తీసేసుకుంటారని చెప్పలేదు. ఇవాళ ఈ కుండలాయన ఇక్కడే ఉండి షీటు చేతికే తీసుకున్నారు, కుదరలేదు."

చిన్నది తనమీద గెలిచి ఉంటే సహించేదేమో. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. తనను ముసలిదాన్ని చేసి, గుడ్డిదాన్ని చేసి, ఆపైన జాలిపడి మూడువారాలు వెనకనుంచి చెయ్యి పట్టుకు నడిపించింది. తెలివీ దానికే, మంచితనమూ దానికేనా? దేవుడు పంచేటప్పుడు ఒక్కటైనా ఇటు విసరలేకపోయాడా?

"నా కళ్ళకేం రాలేదు" అంది గట్టిగా, మామగారికి వినబడేలా. "ఆ గోడకొచ్చింది. చూడండి మామయ్యా. నేను తిట్టినరోజే కనిపెట్టాల్సింది, కనిపెట్టలేదు. పదకొండు షీట్ల మీద తప్పు సంతకం పెట్టాను. ఇది నన్ను కాచింది. అదీ సంగతి."

మామగారు కిటికీ దగ్గరికొచ్చి గోడను, బల్లను, కుండను చూశాడు. పెదవి చివర చిన్నగా వంగింది. "కన్ను అబద్ధం చెప్పలేదన్నమాట."

"లేదు."

"మరి రేపట్నుంచి ఎక్కడ చూస్తావమ్మాయ్? వాళ్ళ గోడకి మనం సున్నం వెయ్యలేం."

అందరికీ జవాబు తెలుసు. ఆమెకీ తెలుసు. మేకుకు వేలాడుతున్న బూడిదరంగు కోటు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు ఆమె ఒంటిమీద బట్టలు మంచి కెంపురంగువి. వాటిమీద కోటు తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకుంది. చిన్నది స్టూలు జరిపింది. పెద్దకోడలు కూర్చోలేదు.

మేస్త్రి పసుపు యథాస్థానానికి తెచ్చి కొత్త షీటు వేశాడు. పెట్టెలో షీటు, ప్రూఫు, కుండ పక్కపక్కనే. పెద్దకోడలు తల అటూ ఇటూ వంచింది. చాలాసేపు చూసింది.

"నీలంలో వంకాయ వాసనొస్తోంది. మెజెంటా ఎక్కువైంది."

చిన్నది కొలిచే పరికరం షీటు మీద ఆనించి చూసింది. "హద్దులోనే ఉందక్కా" అంది. కుండను షీటు మీదికి జరిపి మళ్ళీ చూసింది. "కానీ మీరన్నది నిజమే. కొంచెం ఉంది."

ఒక్క క్షణం పెద్దకోడలికి ఒళ్ళంతా తేలికయింది. మరుక్షణం అనుమానం పట్టుకుంది. నిజంగా కనబడే అందా? లేక ఇదీ వెనకనుంచి చెయ్యి పట్టుకోవడమేనా?

"ఇదిగో" అంది. "ఇకమీదట నన్ను కాచావంటే ఊరుకోను. తప్పయితే తప్పని నా మొహం మీద చెప్పు, అందరి ముందూ." మేస్త్రి వైపు తిరిగి, "మెజెంటా రెండు గీతలు తగ్గించు" అంది.

మేస్త్రి కదిలాడు.

"రెండు కాదక్కా, ఒకటి" అంది చిన్నది. "రెండు తీస్తే అడుగు మట్టి పాలిపోతుంది."

అడిగిన నోరు మూతపడకముందే చెప్పేసింది. కుండలాయన కిసుక్కుమన్నాడు. మామగారు టీ గ్లాసులోకి చూసుకున్నాడు. పెద్దకోడలు మట్టిని చూసింది. ఒకటే సరి. దీని కళ్ళు కూడా మంచివేనా, ఖర్మ. గుండెలో ఆ కాలడం మళ్ళీ మొదలైంది. పాతదే, అలవాటైనదే.

"ఒకటి" అంది మేస్త్రితో.

షీటు వచ్చింది. ఆకుపచ్చ పెన్ను తీసి మూల సంతకం పెట్టి, చిన్నదానికోసం పక్కన వేలెడు చోటు వదిలింది. చిన్నది పెన్ను కోసం చెయ్యి చాపింది.

"నీది నువ్వు తెచ్చుకో" అంది పెద్దకోడలు, పెన్ను కోటు జేబులో పెట్టుకుంటూ.