నీడ పడేదాకా

కెరిన్ టలక్ రోజూ ఉదయం ఆరున్నరకి షెడ్డు తలుపు తీసేది. నిలబడే టీ తాగేది. కారు కింద నూనె చుక్క పడిందేమో వంగి చూసేది. తర్వాత కారెక్కి, ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా పసిబిడ్డని నడిపించినట్టు నడిపేది. హోర్షమ్ ఊళ్ళో ఎవరు వేగంగా పోయే కారు కొన్నా ముందు ఆమెకే అప్పగించేవాళ్ళు. మొదటి పదహారు వందల కిలోమీటర్లు ఆమె నడిపి మచ్చిక చేశాకే తాళం సొంతదారు చేతికి వెళ్ళేది. ఇరవై రెండేళ్ళుగా అదే ఆమె పని.

కొత్త కారుకి నీడ ఉండదు. ఎంత ఎండలో పెట్టినా చక్రాల కింద నేల తెల్లగా మెరుస్తుంది. లోపలి ఇనుము ఒకదానితో ఒకటి ఒరుసుకుని, సర్దుకుని, కుదురుకున్న రోజున నీడ పడుతుంది. అది నడిపిన మనిషి నీడలోంచి, మొక్క పిలక వేసినట్టు వస్తుంది. అందుకే నీడ లేని మనిషి కారుని మచ్చిక చేయలేడు.

హోర్షమ్ చుట్టూ నేల పళ్ళెంలా చదును. అయినా కెరిన్ ప్రతి కారునీ గ్రాంపియన్స్ కొండల్లోకి తీసుకెళ్ళేది. ఎక్కేటప్పుడు ఇంజను మీద బరువు పడాలి, దిగేటప్పుడు అది తేలిక పడాలి. గేరు మారుతుండాలి, వేగం మారుతుండాలి. కొత్త ఇంజను బాదినా చెడుతుంది, ముద్దు చేసినా చెడుతుంది. ఈ రెండో మాట చాలామందికి తెలియదు.

ఆ ఫిబ్రవరిలో ఒకేసారి రెండు కార్లు వచ్చాయి. ఒకటి తను ఉంచుకుని, రెండోది తమ్ముడు వేడ్ చేతికిచ్చింది. వేడ్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. మూడు ఉద్యోగాలు పోగొట్టుకుని అక్క ఇంట్లో చేరాడు. ఆ రెండో కారు క్లైవ్ శాండిలాండ్స్ గారిది. ఆయన రిటైరైన పశువుల డాక్టరు, డెబ్బై ఒక్కేళ్ళు దాటాయి. కారు కోసం రెండేళ్ళు ఎదురు చూశాడు. ఈలోపు చూపు మందగించింది. లైసెన్సు ఇంకొక్క ఏడాదే ఉంటుందని కంటి డాక్టరు చెప్పేశాడు.

"ఇంజను చుట్లు నిమిషానికి నాలుగు వేలు దాటనీకు. అది చల్లగా ఉన్నప్పుడు తొక్కకు. కొండల్లోకి పో" అని కెరిన్ తమ్ముడికి చెప్పింది. పక్కన కూర్చుని ఒక్కసారీ చూపించలేదు. ఆ మలుపులు తన సొత్తు అనుకునేది.

ఆరో రోజు మధ్యాహ్నం వేడ్ తిరిగొచ్చి కారుని పెరట్లో సిమెంటు నేల మీద ఆపాడు. మీటరు మీద పదహారు వందల పన్నెండు. కెరిన్ మీటరు చూడలేదు, నేల చూసింది.

"నీడేదిరా?"

"వస్తుందిలే అక్కా. ఇప్పుడేగా దిగాను."

"ఎటెళ్ళావు?"

"నిల్ ఊరి మీదుగా రాష్ట్రం సరిహద్దు దాకా. పోవడం, రావడం. ఐదు రోజులు అదే పని. స్పీడు ముల్లు వంద మీద పెట్టి కదలనివ్వలేదు. అద్దానికి ఒక్క ఈగని కూడా గట్టిగా తగలనివ్వలేదు, కావాలంటే ఈగల్నే అడుగు."

"వంద మీద పెట్టి కాళ్ళు చాపుకుని కూర్చున్నావు."

"జాగ్రత్తగా నడపమన్నావుగా! తొక్కితే తప్పు, తొక్కకపోతే తప్పా?"

"కొండల్లోకి పొమ్మన్నాను."

వేడ్ టోపీ తీసి విసనకర్రలా ఊపుకున్నాడు. "తిన్నని రోడ్డయితే తొందరగా అవుతుందనుకున్నా."

కెరిన్ బానెట్ మీద చెయ్యి వేసింది. తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో తిరిగిన ఇంజను లోపల అద్దంలా నున్నగా అయిపోతుంది. పట్టు దొరకదు. ఆ మొదటి ప్రయాణం ఏ కారుకైనా ఒక్కసారే. ఇంజను విప్పి బాగు చేయాలంటే ఎనిమిది నెలలు. రెండు గంటలకి డాక్టరు వస్తాడు.

"షెడ్డులో పెడదామా? లోపలైతే ఎవరు చూస్తారు?" అన్నాడు వేడ్.

"అబద్ధం చెప్పి తాళం ఇవ్వను. దీనికిక పిలక రాదు, ఎవరిదైనా నిండు నీడే పోయాలి. నువ్వు చెడగొట్టావు, నీ నీడ ఇచ్చెయ్."

వేడ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకింకా బోలెడు బతుకుంది అక్కా. అది పోతే మళ్ళీ రాదు. ఈ ఒక్క పనైనా నేర్చుకుందామనే కదా వచ్చాను?"

కెరిన్ వెళ్ళి ఎండకీ కారుకీ మధ్య నిలబడింది. ఆమె నీడ బానెట్ మీద పడి, బొగ్గుపొడిలా ఇనుములోకి ఇంకి, చక్రాల కిందకి జారింది. పావుగంట కదలకుండా నిలబడి, పక్కకి తప్పుకుంది. నీడ కారు కిందే ఉండిపోయింది.

డాక్టరు గడ్డి టోపీతో, కొత్తగా మెరిపించిన బూట్లతో వచ్చాడు. కెరిన్ జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన ముందు కారు కింద చూశాడు, తర్వాత ఆమె కాళ్ళ దగ్గర చూశాడు.

"ఎంత పని చేశావు అమ్మాయ్. చేయకుండా ఉండాల్సింది."

"మాట ఇచ్చాను డాక్టరు గారూ."

ఆయన తల ఊపాడు. తర్వాత తాళం తీసుకున్నాడు.

ఆ ఏడాదంతా ఆయన కారు కొండలెక్కి దిగింది, ఏ లోపమూ లేదు. చూసినవాళ్ళు తమ కార్లు కూడా తెచ్చారు. నీడ ఉన్నది వేడ్‌కే కాబట్టి స్టీరింగు వాడిది. కెరిన్ పక్క సీట్లో కూర్చుని మలుపు మలుపుకీ చెప్పేది. "రెండో గేరు. ఇప్పుడు తొక్కు. వదులు." వాడు చెప్పినట్టల్లా చేసేవాడు. ఒక్కో కారు కిందా నీడ చక్కగా పడేది. సొంతదార్లు వచ్చి వేడ్ చెయ్యి పట్టుకుని ఊపేవాళ్ళు, వాడి సంతకం ఉన్న కాగితం తీసుకునేవాళ్ళు.

ఒకరోజు మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కొత్త మనిషి, పక్క సీట్లోంచి దిగుతున్న కెరిన్‌ని చూసి ఎవరని అడిగాడు.

"మా అక్క. ఇంట్లో ఒక్కతికీ తోచదు పాపం, కాస్త తిప్పి తీసుకొస్తుంటాను" అన్నాడు వేడ్.

కెరిన్ విన్నది. కొత్త కారు తలుపు గట్టిగా వేయకూడదని వాడికి తనే నేర్పింది కాబట్టి, మెల్లగా వేసింది.