అక్క గీసిన భుజం

కుట్టు ఫ్యాక్టరీ కటింగు గదిలో ఏ కంప్యూటరుకూ డిస్కు లేదు. ఉప్పు నుంచి నిప్పు దాకా పక్కింట్లో అడిగి తెచ్చుకునే సంసారంలా, కింద గదిలోని సర్వరు నుంచి తీగ మీదుగా అన్నీ తెచ్చుకుని బతుకుతాయవి. గీసిన నమూనా సర్వరుకు చేరితేనే మిగిలినట్టు. చేరకముందే స్విచ్చి ఆపితే నీటి మీద రాతే.

ఆ తీగలు లాగినవాణ్ణి అక్కడి ఆడవాళ్లు వైర్ల బాబాయి అంటారు. కిటికీ పక్క కంప్యూటరు అతని అక్కది. ఆమె పోయాక అతను పనిలోకి రావడం ఇవాళే. వచ్చేసరికి తెర ఇంకా వెలుగుతోంది. మధ్యాహ్నం తిండి వేళ "తల పగిలిపోతోందే, వచ్చి చూసుకుంటా" అని లేచిన మనిషి మళ్లీ రాలేదు. ఆమె సగంలో వదిలిన పనికోటు నమూనా సేవ్ కాకుండా అలాగే ఉంది. ఎవరూ స్విచ్చి ముట్టుకోకుండా ఆడవాళ్లు వంతులు వేసుకుని కాపు కాశారు.

కాయరా మరి? అది వాళ్ల కోటు. ఏళ్ల తరబడి బరువు కత్తెర పట్టుకుంటే కుడి భుజం కిందికి జారుతుంది. ఏ కోటు తొడిగినా మెడ దగ్గర లాగుతుంది, చంకలో ఒరుసుకుంటుంది. "లోకమంతటికీ కుట్టిపెడతాం, మన ఒంటికి పట్టేది ఒక్కటీ లేదేంటే!" అని అక్క ఒక్కొక్కరి భుజమూ కొలిచి గీసింది.

తమ్ముడు సేవ్ నొక్కాడు. 'పంపడం కుదరలేదు' అని ఎర్రగీత వచ్చింది. తీగ మార్చాడు. ఎర్రగీతే. పక్క కంప్యూటరు నుంచి పంపి చూస్తే సుబ్బరంగా వెళ్లింది. సర్వరులో చోటూ బోలెడుంది.

మేనేజరు తలుపు దగ్గర నుంచే అరిచాడు. "ఏమయ్యా, రేపు పొద్దున్నే కరెంటు పని. సాయంత్రానికి అన్నీ ఆపెయ్. దానికేముంది, ఫోన్‌తో ఫోటో తీసుకో."

"ఫోటోలో బొమ్మ వస్తుంది సార్, కొలతలు రావు. మీ ఫోటో చూసి మీకు ప్యాంటు కుట్టమంటారా?"

"నీ నోరు పడ!" అని నవ్వి వెళ్లిపోయాడు.

రోగం తీగలో లేదని తేలాక తమ్ముడు సర్వరు గదికి దిగాడు. అక్క ఫోల్డరే లేదు. పేర్లు ఎక్కించే గుమాస్తాను పట్టుకున్నాడు.

"పోయినవాళ్ల పేరు తీసెయ్యాలి కదన్నా. అదే రోజు తీసేశా."

"అదే రోజా? అప్పటికి మా అక్క ఇంకా ఇల్లు కదల్లేదురా!"

గుమాస్తా తల వంచుకుని పేరు మళ్లీ ఎక్కించాడు. అయినా ఎర్రగీతే. అప్పుడు వెలిగింది తమ్ముడికి. సర్వరుకు మనుషుల పేర్లతో పని లేదు, వాళ్లకిచ్చిన నంబరుతోనే పని. అక్క నంబరు ఖాళీగా ఉంది కదా అని, ఆమె స్థానంలో చేరిన కొత్తమ్మాయికి ఇచ్చేశారు. దాన్ని మార్చాలంటే సర్వరు ఆపి లేపాలి. సర్వరు ఆగిందా, దాని చెయ్యి పట్టుకుని నిలబడ్డ అక్క కంప్యూటరూ ఆగుతుంది.

ఒక్కటే దారి మిగిలింది. నంబరు ఒకటే కాబట్టి, కొత్తమ్మాయి ఫోల్డరులోకి పంపితే సర్వరు కాదనదు. కానీ ఏ ఫోల్డరులో చేరితే ఆ మనిషి పేరే, గీసినవాళ్ల పేరుగా నమూనా మూలన దానంతటదే పడుతుంది. పడితే చెరగదు. ఒకరి కష్టం ఇంకొకరు కొట్టెయ్యకుండా ఆ ఏర్పాటు కావాలని అప్పట్లో పోట్లాడింది అక్కే.

కొత్తమ్మాయిని పిలిచి సంగతి చెప్పాడు.

"నాకొద్దు బాబాయ్. గీయనిదానికి నా పేరేంటి? పిన్నులందరూ నన్ను నమిలి మింగేస్తారు."

"మింగరు. భుజాలు కొలిపించుకుంది వాళ్లే."

"మీకు కష్టంగా లేదా?"

"ఎందుకు లేదూ! ఇది కాదంటే ఏం చేద్దాం, ఆపేద్దామా?"

కొత్తమ్మాయి వెళ్లి అక్క కుర్చీ అతని వైపు జరిపింది. తమ్ముడు అందులో కూర్చోలేక నిలబడే ఫోల్డరు మార్చి సేవ్ నొక్కాడు. ఎర్రగీత రాలేదు. నమూనా మూలన కొత్తమ్మాయి పేరు పడింది. వెనక చేరిన ఆడవాళ్లలో ఒకామె ముక్కు ఎగబీల్చింది.

"ఇంక ఆపుతా" అన్నాడు. ఎవరూ వద్దనలేదు. స్విచ్చి ఆపాడు. తెర నల్లబడ్డాక ఆడవాళ్లు ఒక్కొక్కరే కత్తెరల దగ్గరికి వెళ్లారు.

సగంలో ఉన్న కోటు చేతుల్ని ఆడవాళ్లే తలా ఒక మాట చెప్పి కొత్తమ్మాయితో పూర్తి చేయించారు. ఇప్పుడు కటింగు గదిలో అందరి ఒంటి మీదా ఆ కోటే. మెడ దగ్గర లాగదు, చంకలో ఒరుసుకోదు. ఈ మధ్య చేరినవాళ్లు నమూనా మీది పేరు చూసి దాన్ని కొత్తమ్మాయి కోటు అంటారు. మొదట్లో ఆ పిల్ల "అయ్యో, నాది కాదు" అని మొత్తుకునేది. తమ్ముడూ నిచ్చెన దిగి వచ్చి మరీ సరిచేసేవాడు. చెప్పిన ప్రతిసారీ "ఆవిడెవరు?" అని అడిగేవాళ్లు. రానురాను ఇద్దరూ మానేశారు.

ఒకరోజు కొత్తమ్మాయి టేపు పట్టుకుని వచ్చింది.

"బాబాయ్, మీకూ ఒకటి కుట్టనా?"

"నా భుజాలు సరిగ్గానే ఉన్నాయమ్మా" అని, తమ్ముడు మళ్లీ నిచ్చెన ఎక్కాడు.