దిగని గీత

ముఖానికి మసి పూస్తే తప్ప పనికి రానిదాన్ని నేను. ఇత్తడి డ్రమ్మును. అంబాలాలోని ఒక వర్క్‌షాపులో పుట్టి, రైలెక్కి, గుంటూరు దగ్గరి ఒక ఫార్మసీ కాలేజీలో ఉద్యోగానికి చేరాను. నా ఒంటికి నున్నటి కాగితం చుట్టి, పొగమంట మీద తిప్పి నల్లగా చేసేవారు. నేను మెల్లగా తిరుగుతుంటే సన్నని ముల్లొకటి ఆ మసిని గీకుతూ తెల్లగీత గీసేది. గాజు గొట్టంలో వేలాడే మేక పేగో, కప్ప కండరమో బిగుసుకుంటే గీత పైకి, వదులైతే కిందికి. ఉన్నదున్నట్టు చూపడమే నా పని. అనుకున్న గీత రాకపోతే మాత్రం నా నెత్తిన మొట్టేవారు. పైగా చదువుకున్నవాళ్ళు!

ఎన్ని బ్యాచ్‌లు నా మీదుగా పోయాయో లెక్కలేదు. మొట్టనిది ఒక్క ఫర్జానాయే. మందుల షాపులో నాలుగేళ్ళు కౌంటర్ వెనక నిలబడి, ఆ పని మానుకుని పరిశోధనకు వచ్చిన పిల్ల. రక్తనాళాలు ఎలా వదులవుతాయన్నది ఆమె అంశం. మేక మెడలోని సిరను ఉంగరంలా కోసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వేలాడదీసేది. ఒక మందు వేస్తే సిర బిగుసుకునేది, గీత లేచేది. ఆ పైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే వదులై గీత దిగాలి. పుస్తకాలన్నీ అదే చెబుతున్నాయి. మూడు నెలలైనా గీత దిగితే ఒట్టు.

చివరికి ఆమె గైడ్ విశాలాక్షి మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే వ్యవహారం ముదిరినట్టే.

"సోమవారం నా కళ్ళ ముందు గీత దిగాలి. లేదంటే ఈ టాపిక్ వదిలెయ్యమ్మా. నీ చేతికి సిర లొంగడం లేదు."

ఫర్జానా అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. టాపిక్ పోతే సీటూ పోతుంది, మళ్ళీ ఆ కౌంటరే గతి. నాకు జాలేసింది. కానీ గీతను కిందికి లాగడానికి నాకు చేతులేవీ?

శనివారం అటెండర్ ఏసోబు రాలేదు. బావమరిది కూతురి పెళ్ళికి తెనాలి వెళ్ళాడు. రోజూ కబేళా నుంచి సిర తెచ్చి, మెరిసేలా కడిగి ఫర్జానా చేతికిచ్చేది ఆయనే. ఆ రోజు తనే వెళ్ళి తెచ్చుకుంది. తొందరలో ఉప్పునీళ్ళలో ఒకసారి ముంచి, కోసి వేలాడదీసింది. ఎసిటైల్‌కోలిన్ పడగానే గీత జారింది. ఫర్జానా కుర్చీలోంచి లేచి నిలబడింది. మరో ఉంగరం కోసింది. అదీ దిగింది.

సోమవారం పొద్దున్నే ఏసోబు పెళ్ళి లడ్డూలతో వచ్చాడు.

"బాబాయ్, నువ్వు సిరని ఎట్లా కడుగుతావు?"

"ఎట్లా ఏందమ్మా? బోటి కడిగినట్టే. పుల్లకి దూది చుట్టి లోపలంతా గీకి గీకి తోముతా. మురికి ఉంటే నీకు పని చెడుద్దని."

వాళ్ళ పేటలో పెళ్ళి విందంటే బోటి కడగడానికి ఏసోబునే పిలుస్తారు. మూడు నెలలుగా ఆ పనితనమంతా ఈ పిల్ల మీది అభిమానంతో సిరల మీద చూపించాడన్నమాట! ఫర్జానా నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

"అది మురికి కాదు బాబాయ్. సిర లోపల పల్చటి పొర ఒకటి ఉంటది. ఎసిటైల్‌కోలిన్ తగిలితే అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి పక్కనున్న కండరానికి పంపుద్ది. కొన్ని సెకండ్లే ఉండే వాయువు. అది అందితేనే కండరం వదులయ్యేది."

ఏసోబు మొహం పాలిపోయింది. "అయితే నీ చదువు నేనే పాడుచేశానా తల్లీ?"

"ఇయ్యాళ కూడా తోము బాబాయ్. ఒక సగమే."

మేడమ్ వచ్చేసరికి నా మీద రెండు గీతలున్నాయి. పైది తోమిన సిరది, లేచి అక్కడే నిలిచిపోయింది. కిందిది తోమనిది, లేచి దిగింది. తోమిన ముక్కకే నైట్రిక్ ఆక్సైడ్‌ను వదిలే మందు బయటినుంచి వేసి, గీతను దించి, కండరం బాగానే ఉందని మరో కాగితం మీద చూపించింది ఫర్జానా.

మేడమ్ వంగి చూసింది. "పొర ఇంత శుభ్రంగా ఎవరు తీశారు?"

ఏసోబు గోడకు అతుక్కుపోయాడు.

"ఏసోబు బాబాయ్ తీశారు మేడమ్."

"అయితే ఇక రోజూ ఆయనే తియ్యాలి. కండరం చెడకుండా పొర ఒక్కటే తీయడం నాకే చేతకాదు," అని మేడమ్ లడ్డూ అందుకుంది.

ఇప్పుడు గీతలన్నీ కంప్యూటర్లే గీస్తున్నాయి. నన్ను వరండాలో అద్దాల బీరువాలో పెట్టారు. ఒంటి మీద వార్నిష్ పట్టించిన ఆ రెండు గీతల కాగితమే ఉంది. కింద చీటీ మీద ఫర్జానా పేరు, పక్కనే ఏసోబు పేరు. దారిన పోయే పిల్లలంతా దిగిన గీతనే మెచ్చుకుంటారు. రిటైరైన ఏసోబు మొన్న భార్యను వెంటబెట్టుకొచ్చాడు. అద్దం మీద వేలు పెట్టి, వరండా అంతా వినిపించేలా చెప్పాడు:

"ఇదుగో, ఈ దిగనిది నాదే."